బతికించే దీమం

దీమం అనే మాట ఈ తరానికి పెద్దగా తెలియదు. అది వేటగాళ్ల మాట. అడవి లేడిని పట్టడానికి వెంట తీసుకెళ్లే పెంపుడు లేడి దీమం. కౌజు పిట్టల కోసం పంజరంలో పెట్టి తీసుకెళ్లే కౌజు దీమం. తెల్లవారకముందే పంజరాన్ని పొద మొదట్లో ఉంచి, చుట్టూ ఉచ్చులు పన్ని, మనిషి పక్కకు తప్పుకుంటాడు. వెలుగు రాగానే లోపలి పిట్ట కూస్తుంది. చుట్టుపక్కల చేలలోని కౌజులు జతకో జగడానికో ఆ కూత వైపు బయల్దేరి వస్తాయి, ఉచ్చులో కాలు పెడతాయి. ఆ వేట మొత్తం ఒక్క ఎరుక మీద నడుస్తుంది. పిట్టను మనిషి పిలవలేడు, పిట్టే పిలవాలి.

అమెరికా ఈశాన్య తీరంలో ఈ విద్య చెక్కపనిగా ఎదిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి వేటగాళ్లు తీరపక్షుల బొమ్మలు చెక్కి, రంగులద్ది, పుల్లలకు గుచ్చి తడి ఇసుకలో పాతేవాళ్లు. పైన ఎగిరే గుంపు, కింద తమవాళ్లు మేస్తున్నారు కాబట్టి భయం లేదనుకుని దిగేది. చాటున తుపాకులు సిద్ధంగా ఉండేవి. ఆ తుపాకుల కాలంలో లక్షలుగా ఎగిరిన ఎస్కిమో కర్లూ అనే పక్షి 1963 తర్వాత నిర్ధారణగా ఎవరికీ కనిపించలేదు. బొమ్మలు మాత్రం మిగిలాయి. కేప్ కాడ్‌కు చెందిన ఎల్మర్ క్రోవెల్ (1862–1952) చెక్కినవి ఎంత గొప్పవంటే, 2007లో వాటిలో రెండు, ఒక బాతు, ఒక కెనడా గూస్, ఒక్కొక్కటి పదకొండు లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయాయి. ఆ మెడ వంపు, రెక్కల మీద ఆ రంగుల పొరలు ఫొటోల్లో చూస్తేనే కళ్లు తిప్పుకోలేం. అంత శ్రద్ధగా పక్షిని చూసిన కన్ను, ఆ పక్షి నేలకూలడానికే చూసిందన్న సంగతి గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

ఇదే విద్యను తిరగేసి, పక్షిని బతికించడానికి వాడినవాళ్ల పని గురించి చెప్పాలని ఈ వ్యాసం. తీరపక్షుల రక్షణ అనగానే మనకు కంచెలు, బోర్డులు, చట్టాలు గుర్తుకొస్తాయి. అవన్నీ కావలసినవే. కానీ పక్షులు ఒకసారి వదిలిపోయిన ద్వీపానికి వాటిని మళ్లీ రప్పించడం కంచెతో అయ్యే పని కాదు. దానికి పక్షి మనసు తెలిసిన పనితనం కావాలి.

అదే అమెరికా తీరంలో, మెయిన్ రాష్ట్రంలో మస్కాంగస్ అఖాతం బయట ఈస్టర్న్ ఎగ్ రాక్ అని ఏడెకరాల దీవి ఉంది. చెట్టన్నది లేదు. మధ్యలో గడ్డి, అంచుల చుట్టూ ఒకదాని మీద ఒకటి పడ్డ పెద్ద బండరాళ్లు. ఆ రాళ్ల సందుల్లో ఒకప్పుడు పఫిన్లు గుడ్లు పెట్టేవి. పఫిన్ బొద్దుగా, మన పావురం కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. వీపు నలుపు, పొట్ట తెలుపు. గూడు కట్టే కాలంలో ముక్కు నారింజ, ఎరుపు, నీలి చారలతో వెలిగిపోతుంది. చలికాలం వచ్చేసరికి ఆ రంగుల పెంకు రాలిపోతుంది. నాలుక మీద, అంగిట్లో వెనక్కి వంగిన ముళ్లుంటాయి కాబట్టి పట్టిన చేపలను అడ్డంగా పేర్చుకుని, నోరు తెరిచి ఇంకొకటి పట్టగలదు. ఏడాదికి ఒకటే గుడ్డు. పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఇంత నిదానంగా పెరిగే జాతిని వేటాడితే ఏమవుతుందో అదే అయింది. రాళ్ల మీద చేపల వలలు కప్పి, బయటికొచ్చే పక్షులను మాంసానికీ ఈకలకూ పట్టుకున్నారు. 1880ల తర్వాత ఎగ్ రాక్ మీద పఫిన్ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి మెయిన్ తీరం మొత్తంలో మటినికస్ రాక్ అనే దీపస్తంభం దీవి దగ్గర అవి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని మిగిలాయి.

1969లో స్టీఫెన్ క్రెస్ అనే యువకుడు దగ్గర్లోని హాగ్ ఐలండ్‌లో ఆడబన్ సొసైటీ నడిపే శిబిరానికి పక్షుల పాఠాలు చెప్పడానికి వచ్చాడు. పాత పుస్తకంలో ఎగ్ రాక్ పఫిన్ల సంగతి చదివాడు. వేట ఆగిపోయి దశాబ్దాలైంది, రాళ్లు అక్కడే ఉన్నాయి, సముద్రంలో చేపలూ ఉన్నాయి. మరి పక్షులెందుకు తిరిగి రాలేదు? ఆయన పనితనం అంతా ఈ ప్రశ్నకు వెతికిన జవాబులోనే ఉంది.

జవాబులో రెండు ముడులున్నాయి. పఫిన్ తాను పుట్టి పెరిగిన దీవికే గుడ్డు పెట్టడానికి వస్తుంది, ఇది మొదటిది. పుట్టినవే లేనప్పుడు తిరిగొచ్చేవెక్కడివి? రెండోది ఇంకా గట్టి ముడి. గుంపులో గూడు పెట్టే సముద్రపక్షికి ఖాళీ దీవి అంటే అనుమానం. ఇక్కడ ఎవరూ లేరంటే ఏదో ప్రమాదం ఉండే ఉంటుందని దాని లెక్క. అలా ఖాళీ అయినచోటు ఖాళీగానే ఉండిపోతుంది. పాడుబడ్డ ఊరికి ఎవరూ కాపురానికి పోనట్టే.

మొదటి ముడి విప్పడానికి కెనడా వన్యప్రాణి శాఖను ఒప్పించి, 1973లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి గ్రేట్ ఐలండ్ నుంచి రెండు వారాల వయసున్న ఆరు పిల్లలను తెచ్చారు. సుమారు 1,600 కిలోమీటర్ల ప్రయాణం. పఫిన్ పిల్లను గూట్లో పెంచేది తల్లిదండ్రులే గాని, సముద్రానికి తీసుకెళ్లేది వాళ్లు కాదు. దాదాపు ఆరు వారాలు నిండాక, ఒక రాత్రి పిల్ల ఒంటరిగా బొరియ నుంచి బయటికొచ్చి, నడుచుకుంటూ నీళ్లలోకి దిగిపోతుంది. ఈత, వేట ఏవీ ఎవరూ నేర్పరు. అంటే తల్లిదండ్రుల పనిలో మనిషి చేయలేనిది ఏదీ లేదు. బొరియ ఉండాలి, వేళకు చేప అందాలి, అంతే. ఇతర పక్షులెన్నిటిలోనో సాధ్యం కానిది పఫిన్‌తో సాధ్యమైంది ఇందువల్లే. ఈ సందును కనిపెట్టడమే సగం పని అని నాకనిపిస్తుంది.

మిగతా సగం చేతులతో చేసినది. పచ్చిక గడ్డలు కోసి, పేర్చి, పఫిన్ తవ్వుకునే సొరంగంలాంటి బొరియలు కట్టారు. పిల్లకు చీకటి కావాలి, చల్లదనం కావాలి, రెట్ట వేసుకునే మూల వేరుగా ఉండాలి. రెట్ట అంటుకున్న ఈకలోకి నీళ్లు దిగుతాయి, ఈక తడిసిన పిల్ల సముద్రంలో చలికి చచ్చిపోతుంది. చిన్న స్మెల్ట్ చేపలలో విటమిన్ మాత్ర దూర్చి, బొరియ మొదట్లో పెట్టి, మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చేవాళ్లు. పిల్లను ముద్దు చేయడం లేదు. అది మనిషి ముఖానికి అలవాటుపడకూడదు, ఆ నేలకు, ఆ గాలికి, ఆ అలల చప్పుడుకు అలవాటుపడాలి. సముద్రంలోకి వెళ్లేముందు కాలికి రంగు కడియాలు తొడిగేవాళ్లు, ఎప్పటికైనా తిరిగొస్తే మనదేనని తెలియడానికి.

తిరిగొస్తుందో రాదో ఎవరికీ తెలియదు. పుట్టిన న్యూఫౌండ్‌లాండ్‌కే పోతాయని చాలామంది అన్నారు. 1973 నుంచి 1986 దాకా ఎగ్ రాక్‌కు తెచ్చిన పిల్లలు 954, వాటిలో ఈకలొచ్చి సముద్రంలో దిగినవి 914. పఫిన్ పిల్ల నీళ్లలో పడ్డాక రెండు మూడేళ్లు నేల ముఖం చూడదు. కాబట్టి పని చేసేవాళ్లు ఏటా కొత్త పిల్లలకు చేపలు పెడుతూనే, పాతవి ఏమయ్యాయో తెలియకుండా వేసవి తర్వాత వేసవి గడిపారు. ఫలితం కళ్లబడకుండా ఇన్నేళ్లు అదే శ్రద్ధతో పని చేయగలగడాన్ని నేను ఆ బొరియల నిర్మాణం కంటే ఎక్కువగా మెచ్చుకుంటాను.

రెండో ముడికి దీమం అవసరమైంది. 1977లో పఫిన్ బొమ్మలు తయారుచేసి, కర్రలకు బిగించి, బండల మీద సముద్రం వైపు కనిపించేలా నిలబెట్టారు. వేటగాళ్ల విద్యే, తుపాకీ తీసేసి.

బొమ్మ చేసేవాడి తీర్పు ఎక్కడ పనిచేస్తుందో కాస్త ఆగి చూద్దాం. మన చేలలో దిష్టిబొమ్మ ఉంటుంది. రెండు కర్రలు, ఒక చిరుగు చొక్కా, ఒక కుండ. పిట్టను బెదరగొట్టడానికి అంత చాలు, మనిషి అన్న భ్రమ కొంచెం కలిగితే పారిపోతుంది. రమ్మని పిలవాలంటే అంత మోటుతనం కుదరదు. పక్షి దూరం నుంచి ఎగురుతూ చూసేది ఆకారం, నలుపు తెలుపుల హద్దు, ముక్కు రంగు, నిలబడిన తీరు. అవి తప్పితే పని చెడుతుంది. ఈక ఈకా చెక్కనక్కర్లేదు. అలంకారంగా గూట్లో పెట్టుకునే బొమ్మకూ దీనికీ తేడా ఇక్కడే. కొండపల్లి పనివాడు తెల్ల పొణికి చెక్క మీద చీర అంచు చుక్కలు కూడా దిద్దుతాడు, ఎందుకంటే చూసేది దగ్గరి నుంచి మనిషి కన్ను. దీమం చేసేవాడు ఏది వదిలేయాలో తెలిసినవాడై ఉండాలి. ఉప్పుగాలికి, ఎండకు, తుపాను అలకు నిలవాలి కూడా. అందుకే తర్వాత తర్వాత చెక్క పోయి, అచ్చులో తిప్పుతూ పోసిన బోలు ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి.

భంగిమ ఇంకా సున్నితమైన విషయం. టెర్న్ అనే మరో సముద్రపక్షి బొమ్మలు చేసినప్పుడు అన్నీ ఒకేలా చేయరు. కొన్ని మెడ చాచి నిలబడినట్టు, కొన్ని గుడ్ల మీద పొదుగుతూ కూర్చున్నట్టు చేస్తారు. అన్నీ మెడ చాచి ఉంటే ఆ గుంపు దేనికో ఉలిక్కిపడిందని పక్షి చదువుకుంటుంది. పొదుగుతున్న పక్షి బొమ్మ చెప్పే మాట వేరు. ఈ నేల మీద గుడ్డు దక్కుతుంది, కూర్చో అని చెబుతుంది. ఒదిగి కూర్చున్న ఒక బొమ్మ అంత మాట చెప్పగలగడం నాకు శిల్పవిద్యలో గొప్ప ఘట్టంలా తోస్తుంది.

1977 జూన్‌లో కాలికి కడియాలున్న ఒక పఫిన్ ఎగ్ రాక్ దగ్గరికి వచ్చింది. తర్వాతి వేసవుల్లో మరికొన్ని వచ్చాయి. బొమ్మల పక్కన వాలేవి, ముక్కుతో తట్టి చూసేవి. అయితే చెక్క పఫిన్ జవాబు చెప్పదు. తల ఊపితే తల ఊపదు. వచ్చిన పక్షి కాసేపు ఉండి వెళ్లిపోయేది. దీనికి దొరికిన ఉపాయం అద్దం. నాలుగు వైపులా అద్దాలు బిగించిన పెట్టెను రాళ్ల మీద పెట్టారు. ఇప్పుడు పఫిన్ తల ఊపితే ఎదుటిదీ ఊపుతుంది, అడుగు వేస్తే అడుగు వేస్తుంది. పక్షులు ఆ పెట్టె ముందు గంటల తరబడి నిలబడిపోయేవి. కదలని దానికి కదలిక తెచ్చిన ఆ నాలుగు అద్దం ముక్కల ఖర్చెంత? ఆలోచన మాత్రం ఎన్నో వేసవులు చాటున కూర్చుని పక్షి ఎందుకు ఎగిరిపోతోందో చూసినవాడికే వస్తుంది.

పఫిన్లను రప్పించాలంటే ముందు టెర్న్‌లను రప్పించాలన్నది ఇంకో ఎత్తు. పఫిన్లు పోయినచోట పెద్ద గల్ పక్షులు స్థిరపడ్డాయి. తీరం పొడవునా తెరిచి ఉంచిన చెత్తకుప్పలు, చేపల పరిశ్రమ వ్యర్థాలు తిని అవి విపరీతంగా పెరిగాయి. చిన్న పక్షుల గుడ్లు, పిల్లలు వాటికి తిండి. ప్రభుత్వ వన్యప్రాణి శాఖతో కలిసి దీవి నుంచి గల్‌లను తొలగించారు. అందులో చంపడం కూడా ఉంది. ఒక పక్షి కోసం ఇంకో పక్షిని చంపడం మనసుకు తేలిగ్గా పట్టే సంగతి కాదు. ఆ గల్‌ల సంఖ్యను అంతగా పెంచింది మన చెత్తే కాబట్టి, దాన్ని సరిదిద్దే భారం కూడా మనదేనని నేను సమాధానపడతాను. ఆ తర్వాత దీవికి కాపలా కావాలి. టెర్న్‌లు ఆ కాపలా కాస్తాయి. తమ గుంపు దగ్గరికి గల్ వస్తే పదులకొద్దీ ఒక్కసారిగా లేచి, మీదపడి పొడిచి తరుముతాయి. ఆ నీడలో పఫిన్ ధైర్యంగా మసలుతుంది.

టెర్న్‌లకు బొమ్మలతోపాటు శబ్దం అవసరమైంది. పఫిన్ నేల మీద పెద్దగా మాట్లాడదు, బొరియలో గుర్రుమంటుంది అంతే. టెర్న్‌ల గుంపు మాత్రం సంతలా ఉంటుంది. వేరే దీవి మీద గుంపు గోలను రికార్డు చేసి, ఎగ్ రాక్ మీద స్పీకర్లలో పగలంతా వినిపించారు. ఏ కూతలను ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నది ఇక్కడి పనితనం. జత కట్టేటప్పటి కూతలు, మామూలు కలకలం ఉండాలి. ప్రమాదం వచ్చినప్పుడు పెట్టే అరుపు ఒక్కటి దొర్లినా పిలుపు కాస్తా హెచ్చరిక అయిపోతుంది. 1980లో టెర్న్‌లు ఎగ్ రాక్ మీద మళ్లీ గూళ్లు పెట్టాయి. రాత్రిపూట మాత్రమే నేలకు వచ్చే స్టార్మ్ పెట్రెల్ పక్షుల కోసం తర్వాత చేసిన పనిలో బొమ్మల అవసరం లేకుండా, బొరియలు, కూతలతోనే పిలుపు సాగింది. చీకట్లో బొమ్మ ఎవరికి కనిపిస్తుంది? పిలుపు ఎప్పుడూ ఒకటే అయినా, అది కంటికా చెవికా అన్నది ప్రతి జాతికీ విడిగా తేల్చుకోవలసిందే.

1981 జూలై 4 సాయంత్రం. ముక్కు నిండా చేపలతో ఒక పఫిన్ సముద్రం మీది నుంచి వచ్చి, రాళ్ల సందులోకి దూరింది. కాసేపటికి ఖాళీ ముక్కుతో బయటికొచ్చింది. చూసేవాళ్లకు కావలసింది ఆ ఖాళీ ముక్కే. తాను తినడానికైతే చేపను బండల్లోకి మోసుకుపోదు. లోపల పిల్ల ఉంది. ఆ ఏడాది ఎగ్ రాక్ మీద అయిదు జతలు గూడు పెట్టాయి, దాదాపు నూరేళ్ల తర్వాత. 2019 నాటికి అవి 188 జతలయ్యాయి. సీల్ ఐలండ్ అనే మరో దీవికి 1984 నుంచి 1989 దాకా ఇలాగే 950 పిల్లలను తెచ్చారు. 1992లో అక్కడా గూళ్లు మొదలయ్యాయి.

ఈ విద్య అక్కడితో ఆగలేదు. 2023లో వెలువడిన ఒక పరిశోధన లెక్క ప్రకారం పిల్లలను తరలించడం, పిలుపులతో రప్పించడం అనే ఈ పద్ధతులను 36 దేశాల్లో 138 జాతుల సముద్రపక్షుల కోసం వాడారు. వాటిలో రెండు నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి.

జపాన్‌లో తోరిషిమా అగ్నిపర్వత ద్వీపం ఒకటి. పొట్టి తోక ఆల్బట్రాస్‌ను ఈకల కోసం అక్కడ ఎంతగా చంపారంటే 1949లో ఆ జాతి అంతరించిందనుకున్నారు. 1951లో పది పక్షులు కనిపించాయి. 1970ల నుంచి హిరోషి హసెగావా అనే శాస్త్రవేత్త ఆ ద్వీపానికి వెళ్తూ వాటిని కనిపెట్టుకున్నాడు. గూళ్లున్న వాలులో బూడిద మట్టి జారి గుడ్లు దొర్లిపోతున్నాయి. మొదట ఆయన చేయించింది గడ్డి నాటడం. వేళ్లు మట్టిని పట్టుకున్నాయి, గుడ్లు నిలిచాయి. తర్వాత, ఇంకా భద్రమైన మరో వాలు మీదికి పక్షులను పిలవడానికి బొమ్మలు, కూతలు పెట్టారు. అగ్నిపర్వతం ఎప్పుడు పేలుతుందో తెలియదు కాబట్టి అదీ చాలదని, 2008 నుంచి 2012 వరకు 70 పిల్లలను సుమారు 350 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ముకోజిమా దీవికి తీసుకెళ్లి చేతులతో పెంచారు. వాటిలో 69 ఎగిరిపోయాయి. 2016లో ముకోజిమా మీద తొలి పిల్ల పెరిగింది.

రెండోది చైనా తూర్పు తీరం. చైనీస్ క్రెస్టెడ్ టెర్న్ అనే పక్షి ఇక లేదనుకున్నారు. 2000లో తైవాన్ ఆధీనంలోని మాత్సు దీవుల్లో నాలుగు జతలు బయటపడ్డాయి, పెద్ద క్రెస్టెడ్ టెర్న్‌ల గుంపులో కలిసి. ఈ పెద్ద టెర్న్ మన కోస్తా తీరంలో కూడా తిరిగే పక్షే. పసుపు ముక్కు, గాలికి లేచే నల్ల జుట్టు. ఝెజియాంగ్ తీరంలో పడవలవాళ్లు గుడ్లు ఏరుకుపోవడం వల్ల గుంపులు గుంపులే గూళ్లు వదిలేసేవి. ఝెజియాంగ్ మ్యూజియం శాస్త్రవేత్త చెన్ షుయ్‌హువా, క్రెస్‌తోనూ మరో అమెరికన్ నిపుణుడితోనూ కలిసి 2013లో జియుషాన్ దీవుల్లోని చిన్న దీవి మీద 300 బొమ్మలు, సౌరశక్తితో నడిచే స్పీకర్లు అమర్చారు. అన్నీ మామూలు పెద్ద టెర్న్ బొమ్మలే. అరుదైన పక్షిని పిలవడానికి దాని బొమ్మ కాకుండా, అది నమ్మి కలిసి బతికే చుట్టం బొమ్మ పెట్టారు. ఎంత చక్కటి ఆలోచన! జూలై చివరికి సుమారు 2,600 పెద్ద టెర్న్‌లు దిగాయి, వాటి మధ్య 19 చైనీస్ క్రెస్టెడ్ టెర్న్‌లు. కనీసం ఒక పిల్ల రెక్కలొచ్చి ఎగిరింది. గుడ్లు ఏరడం ఆగేలా మనుషుల్ని అదే దీవి మీద వేసవంతా కాపలా ఉంచారు. అప్పటికి ప్రపంచంలో యాభై కూడా ఉండవనుకున్న ఆ పక్షులు తర్వాతి పదేళ్లలో వంద దాటాయి.

పిలిచినా పలకనివి కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని మానా దీవి మీద గానెట్ పక్షుల కోసం 80 కాంక్రీటు బొమ్మలు నిలబెట్టారు, ముక్కులకు పసుపు రంగు వేశారు, శబ్దాలు పెట్టారు. ఏళ్లు గడిచాక ఒకే ఒక్క గానెట్ వచ్చి ఉండిపోయింది. అక్కడివాళ్లు దానికి నైజెల్ అని పేరు పెట్టారు. ఆ పక్షి ఒక కాంక్రీటు బొమ్మను వరించి, దాని పక్కన గూడు కట్టి, దాని రాతి మెడను నిమిరేది. స్పీకర్ల చోటు మార్చాక మూడు నిజమైన గానెట్లు దీవికి వచ్చాయి. నైజెల్ వాటి దగ్గరికి పోలేదు. 2018 జనవరిలో ఆ బొమ్మ పక్కనే చచ్చిపడి ఉంది. దీమం విద్యలో ఉన్న బరువు ఇది. అవతలి ప్రాణి నమ్ముతుంది. నమ్మించినవాడు ఆ నమ్మకానికి పూచీ పడాలి. స్పీకరు ఏ వైపు తిరిగి ఉంది, గాలి ఎటు వీస్తోంది, బొమ్మలు సముద్రం మీదికి కనిపిస్తున్నాయా అన్న చిన్న చిన్న సంగతులలో ఒక పక్షి బతుకంతా ఇమిడి ఉంటుంది.

మన వైపు ఇంకా బొమ్మల దాకా పోనక్కర్లేని పని చాలా ఉంది. కాకినాడ దగ్గర హోప్ ఐలండ్, కోరింగ పరిసరాల మెరక నేలల మీద చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. పైముక్కు పొట్టి, కింది ముక్కు పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగిరి చేపను పడుతుంది. ప్రపంచంలో కొన్ని వేలకు మించి లేవు. అవి వేసవిలో గుడ్లు పెట్టేది మన దగ్గర కాదు, చంబల్, మహానది లాంటి నదుల ఇసుక మేటల మీద. పైనుంచి నీళ్లు తగ్గితే మేట ఒడ్డుకు కలిసిపోతుంది, కుక్కలు, పశువులు నడిచొచ్చి గూళ్లు తొక్కేస్తాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పర్వీన్ షేక్ చంబల్ ఒడ్డు పల్లెలవాళ్లనే గూళ్ల కాపలాదారులుగా నిలబెట్టింది. ఆ కృషికి ఆమెకు 2025లో విట్లీ పురస్కారం వచ్చింది. మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలిన మన రైతుకు ఆ కాపలాలో కొత్తేమీ కనిపించదు. చేను బదులు గూడు, తోలవలసింది పిట్టను కాదు కుక్కను. కాకినాడ మెరకల మీద మనం చూసే స్కిమ్మర్ ఆ కాపలాలో పుట్టినది కావచ్చు.

ఎగ్ రాక్ మీద కూడా కాపలా ఇప్పటికీ ఆగలేదు. ప్రతి వేసవిలో కొందరు యువతీయువకులు, చాలామంది కాలేజీ చదువులో ఉన్నవాళ్లే, ఆ దీవి మీద చిన్న చెక్క గదిలోనూ గుడారాల్లోనూ ఉంటారు. ఆ గదికి ముద్దుగా హిల్టన్ అని పేరు. కుళాయి లేదు. పొద్దున్నే చాటు పెట్టెల్లో కూర్చుని ఏ పక్షి ఏ చేప తెచ్చిందో, ఎన్ని తెచ్చిందో రాస్తారు. బండల కింద బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చి, పఫిన్ పిల్లను బయటికి తీసి, సంచిలో వేలాడదీసి తూచి, కడియం తొడిగి, దాన్ని తీసిన సందులోకే పంపేస్తారు. వాళ్లు అలా రాసుకున్నారు కాబట్టే 2012, 2013 వేసవుల్లో ఏం జరిగిందో తెలిసింది. మెయిన్ అఖాతం నీళ్లు వేడెక్కి, మామూలు చేపలు దూరం పోయి, బటర్‌ఫిష్ అనే వెడల్పు చేప వచ్చింది. తల్లిదండ్రులు కష్టపడి దాన్ని తెచ్చి పిల్ల ముందు పెట్టాయి. పిల్ల గొంతులోకి అది దిగలేదు. తిండి కుప్పగా పక్కనే పడి ఉండగా పిల్లలు ఆకలితో చచ్చిపోయాయి. సముద్రం వేడిని ఏ బొమ్మా ఆపలేదు. ఏ చేప ఎక్కడుందో, ఏ ఏడు పిల్లలు నిలుస్తాయో ఆ గదిలో ఉండేవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు.

క్రెస్ 2019లో పదవీ విరమణ చేశాడు. ఆయన మొదలుపెట్టిన పని ఆడబన్ సంస్థ కొనసాగిస్తోంది. కొత్త దీవులకు కొత్త బొమ్మలు వెళ్తూనే ఉన్నాయి. గుంపు స్థిరపడ్డాక దీమాలను తీసేస్తారు. ఆ ముందు, పెట్టిన మొదటి వారాల్లో చూసేవాళ్లు బొమ్మల దగ్గరికి వెళ్లి వెతికే గుర్తు ఒకటుంది. క్రోవెల్ బొమ్మల మీద దుమ్ము పడకుండా గాజు పెట్టెల్లో దాస్తారు. ఇక్కడ మాత్రం రాత్రికి రాత్రి ప్లాస్టిక్ వీపు మీద తెల్లగా, తడిగా పక్షి రెట్ట కనిపిస్తే, పిలుపు అందినట్టు లెక్క.